గోరింక కొత్త పాఠం

అనగనగా ఒక రేవు. ఉప్పలరేవు దాని పేరు. అక్కడ నీళ్ల కంటే ఉప్పెక్కువ, ఉప్పు కంటే మాటలెక్కువ.

ఆ రేవువాళ్లు వేసవి అంతా సముద్రపు నీళ్లను మళ్లలోకి పారించి, ఎండకు ఆరబెట్టి, ఉప్పు తీసేవారు. వానలు పడకముందే ఆ ఉప్పును ఎద్దుల మీద వేసుకుని కొండ మీది సంతకు తోలుకుపోయేవారు. కొండ మీద పసుపుంది, చింతపండుంది, పిప్పళ్లున్నాయి. ఉప్పు మాత్రం లేదు. ఉప్పు లేని కూర ఎన్నాళ్లని తింటారు పాపం. అందుకే ఎద్దుల గంటలు వినబడితే చాలు, కొండవాళ్లు పొయ్యి మీది కుండలు అక్కడే వదిలేసి ఎదురొచ్చేవారు.

అయితే రేవుకూ సంతకూ నడుమ పెద్ద అడవి ఉంది. అడవిలో ఎన్నో దారులు. ఒక దారి మంచినీళ్ల దగ్గరికి తీసుకుపోతుంది, ఒక దారి పులి దగ్గరికి తీసుకుపోతుంది. మొదట్లో రెండూ ఒక్కలాగే కనబడతాయి.

మరి దారి చెప్పేదెవరు? ఇప్పుడంటే మీ జేబుల్లో దారి చెప్పే ఫోన్లున్నాయి. అప్పుడు వాళ్ల భుజాల మీద గోరింకలుండేవి.

అవును, గోరింకలే. నల్లటి ఒళ్లు, పసుపుపచ్చ ముక్కు. చిన్న వెదురు బుట్టలో కూర్చుని భుజాన వేలాడుతూ వచ్చేవి. జంట తాటిచెట్లు కనబడగానే "కుడికి తిరుగు" అనేవి. నల్లబండ కనబడగానే "ఇక్కడ నీళ్లున్నాయి" అనేవి. ఏ చోటి మాట ఆ చోటే చెప్పేవి. అంత చిన్న తలకాయలో అంత పెద్ద అడవి ఎలా పట్టిందో, తలుచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

వాటికి పాఠం చెప్పేవాడు గవరయ్య. చలికాలం పోగానే కొండదారి పట్టేవాడు. కాళ్లు నడిచినంత మేర నడిచేవాడు. నడవలేని చోట కూర్చుని, పైనుంచి దిగివచ్చేవాళ్లను అడిగేవాడు. "ఆ వాగు ఎక్కడ దాటారు? ఆ గుట్ట దగ్గర ఎటు తిరిగారు?" వాళ్లు చెప్పేవారు. అక్కడి ఆకో, రాయో గుర్తుగా ఇచ్చేవారు. గవరయ్య వాటిని మూటగట్టి తెచ్చుకుని, తెల్లవారుజామున బుట్ట ముందు కూర్చునేవాడు. ఆకు చూపించి, మాట చెప్పి, పిట్ట ఆ మాట తిరిగి అంటే ముగ్గిన అరటిపండు ముక్క పెట్టేవాడు.

పిట్టను అమ్మేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట. "ఒక్కసారి కొనుక్కోండి. జన్మంతా దారి చెబుతుంది."

ఆ రేవులో పైడమ్మ అని ఒక ఉప్పుమనిషి. ఆమెకున్నవి రెండు ఉప్పుమళ్లు, రెండు ఎద్దులు, వాటితోపాటు కొంచెం మొండితనం. ఎద్దుల పేర్లు మబ్బు, మంచు. దూడలప్పటి నుంచి ఒకే కాడి కింద పెరిగాయి. ఒకటి మేత మానేస్తే రెండోదీ మానేస్తుంది. ఒకటి పడుకుంటే రెండోది దాని పక్కనే ఒరుగుతుంది.

పోయిన ఏడు పైడమ్మ ఒక బస్తా ఉప్పు పోసి గోరింకను కొనుక్కుంది. దాని గొంతు సన్నగా, తీయగా ఉందని సన్నాయి అని పేరు పెట్టుకుంది. సన్నాయి చెప్పినట్టే అడవంతా దాటింది. జిల్లేడు వాగు దగ్గరికి వచ్చేసరికి, గట్టు మీది జిల్లేడు పొదను చూసి సన్నాయి, "ఎడమకు దిగు" అంది. పైడమ్మ ఎడమకు దిగింది. నాలుగు అడుగులు వేసేసరికి నీళ్లు మంచు పొట్టను తాకాయి. ఒకవైపు బస్తా తడిసింది. తడిసిన ఉప్పు ఉంటుందా? పాలలా తెల్లగా వాగులో కలిసిపోయింది. పైడమ్మ చూస్తూనే ఉంది, చేయడానికేం లేదు.

ఆమె వాగును తిట్టుకుంది. మంచును రెండు మాటలంది. తన అదృష్టాన్నీ కొంచెం తిట్టుకుంది. గోరింకను మాత్రం ఏమీ అనలేదు. గోరింక తప్పు చెబుతుందని ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

సంత అయ్యాక అందరూ పసుపుబళ్ల వెంట, చాలా చుట్టైన వేరే బాటన రేవుకు దిగిపోయేవారు. కనుక ఆ వాగును ఆమె మళ్లీ చూడలేదు.

ఆ నష్టానికి ఏడాదంతా గంజి పలచనైంది. "ఈయేడు కూడా ఉప్పు పోతే ఒక ఎద్దును అమ్ముకోవాలి" అని పైడమ్మ తనలో తాను అనుకుంది. అనుకుని, కొట్టంలోకి పోయి చూసింది. మబ్బు మెడ మీద మంచు మెడ పెట్టుకుని నెమరేస్తోంది. ఆమె ఇక ఆ మాట మళ్లీ అనుకోలేదు. "ఈయేడు ఒక్క గింజ తడవనివ్వను" అంది పైకే.

వేసవి ముదిరింది. గవరయ్య కొండల నుంచి దిగివచ్చాడు. ఆయేడు ఎన్నడూ లేనిది సంత దాకా తానే నడిచి వచ్చాడు. అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. రాజుగారి వంతు ఉప్పు నిలవచేసే కొటారు ముందర అరుగు మీద కూర్చుని అందరూ వినేలా చెప్పాడు.

"గోరింకలకు కొత్త పాఠం తెచ్చాను. పిట్టకు ఒక కుంచెం ఉప్పు కొలిచి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ల పిట్టకు రేపటి నుంచి నేర్పుతాను."

అంతే. కొటారు కొటారంతా లేచింది.

ముందు లేచినవాడు దాలయ్య. రేవులో ఏ తగవైనా ముందు అతని గొంతే వినబడుతుంది.

"మావా, కొనేటప్పుడు ఏమన్నావ్? జన్మంతా దారి చెబుతుందన్నావు. నేనింకా చావలేదు గదా. అప్పుడే ఇంకో కుంచెం ఏటి?"

"జన్మంతా చెబుతుంది దాలయ్యా. పాత దారి చెబుతుంది. కొత్తది కావాలంటేనే కుంచెం."

"అయితే ఏటేటా కొత్తదంటావు, ఏటేటా కుంచెమంటావు. పిట్ట నాది, కూత నీదా?"

అక్కడ కామిశెట్టి కూర్చుని ఉన్నాడు. రేవులో ఎక్కువ మళ్లు ఆయనవే. చెవి దగ్గర ఈగను తోలినట్టు చేయి ఊపాడు. "ఎందుకురా ఆ గోల. ఆయన కాళ్లు చూడు ఒకసారి. ఆ బొబ్బలకు వెల లేదా? కుంచెం ఉప్పంటే నా ఎద్దు నాలుకతో నాకినంత."

"నీ ఎద్దు నాకితే కుంచెం, నా ఎద్దు నాకితే నా సంసారం శెట్టిగారూ."

అందరూ నవ్వారు. కొందరు దాలయ్య పక్కన చేరారు, కొందరు శెట్టి పక్కన చేరారు. గుంపస్వామి అనే ఒక్కడు మాత్రం ఏ పక్కకూ పోకుండా గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. "ఒక పిట్టకు నేర్పితే చాలదేటి? మిగతా పిట్టలకు చెవుల్లేవా?" అని గొణుక్కుని మెల్లగా జారుకున్నాడు.

పైడమ్మ కూడా ఏ పక్కకూ పోలేదు. ముందుకు వచ్చి అడిగింది. "గవరయ్య మావా, ఆ కొత్త పాఠంలో ఏమేం ఉన్నాయి?"

"ఇప్పచెట్ల గుట్ట కింద కొత్త ఊట పడింది, అది ఉంది. సుంకం గుడిసె ఏరు దాటించి అవతల కట్టారు, అది ఉంది. జిల్లేడు వాగు దగ్గర కుడికి దిగాలి, అది ఉంది."

పైడమ్మ చెవి ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది.

"పోయినేడు ఎడమకు దిగమన్నావు గదా మావా."

"వాగులమ్మా అవి. పక్కకు జరుగుతుంటాయి." ఆ మాట అని గవరయ్య చేతిలోని అరటిపండు ఒలవడం మొదలుపెట్టాడు. ఒలిచిన పండు ఏ పిట్టకూ పెట్టలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

పైడమ్మ ఇంటికి వచ్చి, కట్టిన ఉప్పుబస్తాలను తాటాకులతో కప్పింది. "నీ ఉప్పు ఎత్తవేమే?" అని ఇరుగుపొరుగు అడిగితే, "ఎత్తుతాను. ముందు నాకు ఒక సంగతి తేలాలి" అంది.

ఆమె ఆగింది కానీ మిగతావాళ్లు ఆగలేదు.

మొదట కామిశెట్టి పోయాడు. కుంచెం ఉప్పిచ్చి పాఠం చెప్పించుకున్నాడు. కొత్త ఊటలో ఎద్దులకు నీళ్లు పెట్టించాడు, జిల్లేడు వాగును కుడికి దిగి దాటాడు, ఒక్క గింజ తడవకుండా సంత చేసుకుని వచ్చాడు. వచ్చి, వీధిలో ప్రతి గడప దగ్గరా ఆగి ఆ సంగతి చెప్పాడు.

రెండోసారి దాలయ్య పోయాడు. "పోయినేడు ఎడమకు దిగి మోకాలు తడవకుండా దాటినవాణ్ణి. నా పిట్టకు వచ్చింది నాకు చాలు" అన్నాడు. పోయినేడు అతనూ మిగతావాళ్లూ నడివేసవిలోనే పోయారు, అప్పటికి వాగు ఎండి ఉంది, ఆఖరున పోయిన పైడమ్మకే నీళ్లు ఎదురయ్యాయి. ఈయేడు కొండ మీద ముందే జల్లులు పడ్డాయి. "ఎడమకు దిగు" అంది పిట్ట. దాలయ్య దిగాడు. ఎద్దుల వీపుల దాకా నీళ్లు వచ్చాయి. ఖాళీ బస్తాలతో తిరిగివచ్చాడు. దారి పొడవునా అతని ఎద్దులు ఆ ఖాళీ బస్తాలను నాకుతూనే ఉన్నాయి.

మూడోసారి గుంపస్వామి పోయాడు. అతను చేసింది వినండి. ఉప్పు ఇవ్వకుండా, తన పిట్టబుట్టను తెచ్చి శెట్టి గోడకు ఈవలి పక్క తగిలించాడు. శెట్టి పిట్ట పాఠం వల్లెవేస్తుంటే ఇది వింటుందని అతని ఎత్తు. పిట్ట విన్నది, శ్రద్ధగానే విన్నది. కానీ గోడ అవతల పాఠం ఒక్కటే కాదు గదా వినబడేది. శెట్టి దగ్గు వినబడింది. శెట్టి భార్యను కేకేయడం, పనివాణ్ణి తిట్టడం వినబడింది. గుంపస్వామి అడవిలో రెండు దారులు కలిసే చోట నిలబడి పిట్ట వైపు చూస్తే, అది రెండుసార్లు దగ్గి, "ఏమే, గంజి తేవే" అంది. సుంకం గుడిసె దగ్గర భటుణ్ణి చూసి, "తిండికి తప్ప దేనికీ పనికిరావు" అంది. భటుడు గుంపస్వామి ఉప్పంతా దింపించుకుని, ఒట్టి ఎద్దులతో వెనక్కి పంపాడు.

రేవులో నవ్వేవాళ్లు నవ్వారు, ఏడ్చేవాళ్లు ఏడ్చారు. పైడమ్మ మాత్రం ఆలోచనలో పడింది. 'నేను పోయినేడు ఎడమకు దిగి మునిగాను. దాలయ్య బావ ఈయేడు ఎడమకు దిగి మునిగాడు. జరిగిన వాగైతే ఇద్దర్నీ ఒకే చోట ఎలా ముంచుతుంది?'

ఆకాశంలో మబ్బులు చేరుతున్నాయి. వాన పడితే ఈయేటికి దారి మూసుకుపోయినట్టే. అయినా పైడమ్మ ఎద్దులను విప్పలేదు. సన్నాయి బుట్టను భుజాన తగిలించుకుని, చద్దిమూట కట్టుకుని, ఒట్టి కాళ్లతో వాగు దారి పట్టింది. "గోరింక మాట విన్నాను, మావ మాట విన్నాను. వాగు మాట కూడా వింటాను" అనుకుంది.

వాగు చేరింది. ఎడమ పక్క గట్టు నున్నగా ఉంది, కింద నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. అది మడుగు. కుడి పక్కకు పోయి చూసింది. అక్కడ గట్టు బండల మీద గుంటలు పడి ఉన్నాయి. పైడమ్మ కూర్చుని ఒక గుంటలో పిడికిలి పెట్టి చూసింది. ఎద్దు గిట్ట ఎంత ఉంటుందో గుంట అంతే ఉంది. ఒక్క గిట్టకు, ఒక్క ఏటికి పడే గుంట కాదది. తాతముత్తాతల నాటి నుంచి ఎన్ని ఎద్దులు తొక్కితే బండ అలా అరుగుతుందో.

అంతలో అవతలి గట్టు నుంచి ఒక కొండ మనిషి, పసుపు గంప నెత్తిన పెట్టుకుని దిగి వస్తోంది. పైడమ్మ కేకేసి అడిగింది. "అప్పా, వాగు ఎక్కడ దాటాలి?"

"ఎడమకు" అంది ఆమె. అంటూనే తన ఎడమకు నడిచి, నీళ్లలో దిగి, పాదాలు మాత్రమే తడుపుకుంటూ తిన్నగా పైడమ్మ ముందరికి వచ్చింది. గుంటలున్న బండల దగ్గరికే వచ్చింది. "మా ముసలమ్మల నాటి నుంచీ ఇదే దాటే రేవు. ఎడమకే."

పైడమ్మ ఆమె ఎడమచేతిని చూసింది. తన కుడిచేతిని చూసుకుంది. రెండూ ఒకే వైపున్నాయి.

ఉన్నచోటే కూర్చుని చద్దిమూట విప్పింది. సన్నాయి పొదను చూసి, "ఎడమకు దిగు" అంది. "నీ తప్పు కాదులేవే. నీకు ఎలా చెబితే అలా అంటావు" అని దానికి చద్దిలోంచి రెండు మెతుకులు పెట్టింది.

రేవుకు వచ్చీ రాగానే గవరయ్య ఇంటికి పోయింది. చూసింది చూసినట్టు చెప్పింది.

గవరయ్య చేతిలోని పిట్టబుట్టను పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నిజమేనమ్మా. దిగివచ్చేవాళ్లు చెప్పిన ప్రతి మాటనూ మనసులో తిప్పుకుని నేర్పుతాను. వాళ్ల ఎడమ మన కుడి గదా. ఆ ఒక్క వాగు దగ్గర తిప్పడం మరిచాను. ఈయేడు నేనే పోయి చూస్తే తెలిసింది."

"మరి ఆ మాట చెప్పకుండా కొత్త పాఠంలో ఎందుకు కలిపావు మావా?"

"ఒక్క తప్పు బయటపడితే ఇక నా మాట మీద ఎవరు అడుగు వేస్తారు? ఈ పిట్టలు తప్ప నాకు ఇంకో బతుకు తెలీదు." ఆయన గొంతు తగ్గించాడు. "పైడమ్మా, నీ పిట్టకు పాఠమంతా ఊరికే నేర్పుతాను. రేపే ఉప్పెత్తుకుని పో. ఎవరితోనూ అనకు."

పైడమ్మ బయటికి చూసింది. సముద్రం మీద మబ్బు ఇంకా నల్లబడింది. మబ్బూ మంచూ గుర్తుకొచ్చాయి. ఊఁ అంటే చాలు, రేపు ఈపాటికి అడవిలో ఉంటుంది, ఎల్లుండికి ఉప్పు కొండెక్కుతుంది.

"నాకొక్కదానికే అయితే వద్దు మావా" అంది. "నా వెనక వచ్చేవాళ్లు మునుగుతుంటే నేను గట్టు మీద నిలబడి చూడలేను." లేచి వచ్చేసింది.

మర్నాడు రాజుగారు కొటారుకు వచ్చారు. ఏటా వానల ముందు ఉప్పు చూసుకోవడానికి రావడం ఆయనకు అలవాటు. ఈయేడు ఉప్పు చూడనిచ్చినవాళ్లు ఎవరు? పల్లకి దిగీ దిగకముందే రెండు గుంపులూ చుట్టుముట్టాయి.

"బాబూ, జన్మంతా అని అమ్మి ఇప్పుడు మళ్లీ ఉప్పు అడుగుతున్నాడు. పాఠమంతా ఊరికే చెప్పమనండి. లేదంటే రేవు వదిలి పొమ్మనండి" అంది దాలయ్య గుంపు.

"బాబూ, కష్టపడి తెచ్చిన పాఠం. ఉప్పివ్వనివాడి పిట్ట నోరు కట్టేయమనండి" అంది శెట్టి గుంపు.

రాజుగారు మోకాళ్లు పట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నారు. ఆ వైపు వింటే ఆ వైపే న్యాయంగా ఉంది. ఈ వైపు వింటే ఈ వైపే న్యాయంగా ఉంది. "మూడో మాట ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగారు.

"నా దగ్గరుంది బాబూ" అని పైడమ్మ వచ్చింది. ఆమె భుజాన సన్నాయి ఉంది. చేతిలో ఎద్దులను తోలే ములుకర్ర ఉంది, ఒక జిల్లేడు ఆకు ఉంది.

కొటారు నేల మీద ఉప్పు పరుచుకుని తెల్లగా ఉంది. ములుకర్రతో అడ్డంగా ఒక పెద్ద గీత గీసింది. "ఇది జిల్లేడు వాగు." గీత మీద ఎడమ వైపు, అక్కడున్న ఖాళీ బుట్ట ఒకటి బోర్లించింది. "ఇది మడుగు. పోయినేడు నేను మునిగింది ఇక్కడ. ఈయేడు దాలయ్య బావ మునిగిందీ ఇక్కడే." కుడి వైపు ఒక తాటాకు వేసింది. "ఇది శెట్టిగారు దాటిన చోటు. ఇక్కడి బండల మీద గిట్టల గుంటలున్నాయి. ఉన్నాయా లేదా శెట్టిగారూ?"

"ఉన్నాయి" అన్నాడు శెట్టి. "నా కాలు అందులోనే మడతపడింది."

పైడమ్మ గీతకు ఈవల నిలబడి సన్నాయికి జిల్లేడు ఆకు చూపించింది.

"ఎడమకు దిగు" అంది సన్నాయి.

పైడమ్మ ఎడమకు నడిచింది. కాలు బుట్టకు తగిలింది. తర్వాత గీత దాటి అవతలికి పోయి, కొండ మీంచి దిగివచ్చేదానిలా ఇటు తిరిగి నిలబడింది. మళ్లీ ఆకు చూపించింది.

"ఎడమకు దిగు" అంది సన్నాయి.

పైడమ్మ ఎడమకు నడిచింది. కాలు తాటాకు మీద పడింది.

రాజుగారు చెప్పులు విడిచి, తానే వచ్చి ఉప్పు మీద నడిచి చూశారు. ఇటు నుంచి ఎడమకు పోతే బుట్ట. అటు నుంచి ఎడమకు వస్తే తాటాకు. రెండోసారి కూడా నడిచారు.

"వాగు జరగలేదు. చెప్పినవాడు అటు తిరిగి చెప్పాడు, విన్నవాడు ఇటు తిరిగి విన్నాడు" అన్నారు.

అందరి చూపూ గవరయ్య మీద పడింది. పైడమ్మ ఆయన వైపు తిరిగి, "మావా, నేను చెప్పడం కంటే నువ్వు చెబితే బాగుంటుంది" అంది.

గవరయ్య లేచాడు. బొబ్బలెక్కిన కాళ్లతో ఉప్పు మీదికి వచ్చాడు. పుండ్లకు ఉప్పు తగిలితే ఎలా ఉంటుందో మీకు తెలుసు గదా. వచ్చి, బోర్లించిన బుట్ట పక్కన నిలబడ్డాడు. "తప్పు నాదే. మాట తిప్పడం మరిచాను. తెలిశాక దాచాను. పైడమ్మ ఉప్పు, దాలయ్య ఉప్పు పోయింది నా మూలాన" అన్నాడు.

దాలయ్య ఎగిరి గంతేశాడు. "విన్నారా బాబూ. ఇంకేం, పాఠమంతా ఊరికే."

"ఆగు బావా" అంది పైడమ్మ. "ఇప్పచెట్ల గుట్ట కింది ఊట పోయినేడు ఉందా?"

"లేదు."

"లేని ఊట సంగతి పోయినేడు చెప్పకపోవడం మావ తప్పా?"

దాలయ్య తల గోక్కున్నాడు. "కాదు."

"ఆ ఊట ఎక్కడుందో చూడ్డానికి ఆ గుట్ట ఎవరు ఎక్కారు? నువ్వా, నేనా?"

దాలయ్య గవరయ్య కాళ్ల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

పైడమ్మ రాజుగారికి దండం పెట్టింది. "బాబూ, నాకు తోచింది చెబుతాను. పిట్టను అమ్మిన రోజున, దారి సరిగ్గా చెబుతుందని మావ మాటిచ్చాడు. మాట తప్పైన చోట దిద్దాలి. దానికి గింజ ఉప్పు కూడా అడగకూడదు. ఆ తర్వాత పుట్టిన ఊటకు, చోటు మారిన సుంకం గుడిసెకు ఆ రోజు ఆయన మాటివ్వలేదు, మేమూ అడగలేదు. అది కావాలన్నవాళ్లు కుంచెం ఇవ్వాలి. ఇవ్వకపోతే రేపటి నుంచి ఆయన కొండెక్కడు. మన పిట్టలు ఎండిపోయిన ఊటల పేర్లు చెబుతూ కూర్చుంటాయి."

"మరి నేను ముందే కుంచెం ఇచ్చాను గదా" అన్నాడు కామిశెట్టి.

"ఊటకూ సుంకానికీ ఇచ్చారు శెట్టిగారూ. దిద్దుబాటు మీకూ ఊరికేనే."

శెట్టికి కూడా నవ్వొచ్చింది. రాజుగారు, "ఈ మూడో మాటే నా మాట" అన్నారు. "గవరయ్యా, పోయిన ఉప్పు నువ్వు తేలేవు. కానీ ఈ వానల లోపు ఏ ఉప్పు ఎద్దు ఆ వాగు దాటినా, ముందు నువ్వు దిగి దారి చూపించు. మునిగినవాళ్లు ఈయేడు కొటారుకు ఇవ్వాల్సిన వంతు నాకొద్దు."

జనం చెదిరాక గవరయ్య పైడమ్మ దగ్గరికి వచ్చాడు. "ఇక నా పిట్టను ఎవరు నమ్ముతారమ్మా?"

"దాచినప్పుడు పోయింది మావా నమ్మకం. చెప్పినప్పుడు తిరిగొచ్చింది. సన్నాయికే మొదట నేర్పు."

మర్నాడు తెల్లవారకముందే రేవులోని గోరింకలన్నీ గవరయ్య వాకిట్లో వరసగా కూర్చున్నాయి. ఉప్పిచ్చినవాళ్లవీ, ఇవ్వనివాళ్లవీ అన్నీ ఉన్నాయి. జిల్లేడు ఆకు చూపించి గవరయ్య అన్నాడు, "కుడికి దిగు." అన్ని పిట్టలూ ఒక్కసారి అన్నాయి, "కుడికి దిగు." గుంపస్వామి పిట్ట కూడా అంది. అన్నాక, "గంజి తేవే" అని కూడా కలిపింది. అది మాత్రం బతికినంత కాలం పోలేదు.

దిద్దుబాటు అయిపోయింది. గవరయ్య లేవబోయాడు. అప్పుడు పైడమ్మ కొంగు కింద దాచిన కుంచెం తీసి ఆయన ముందు పెట్టింది. కుంచెం మీద ఉప్పు గోపురంలా పోసి ఉంది. "ఇది ఊటకు" అంది. కాసేపటికి దాలయ్య కూడా వచ్చాడు. మళ్ల అడుగున మిగిలిన ఉప్పు ఊడ్చి తెచ్చినట్టున్నాడు, కొంచెం మట్టి కలిసి ఉంది. "నీ కాళ్ల కోసం ఇస్తున్నాను మావా, పిట్ట కోసం కాదు" అని గొణిగాడు. గవరయ్య ఆ ఉప్పును కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

ఆ పూటే పైడమ్మ తాటాకులు తీసి ఎద్దుల మీద ఉప్పెత్తింది. గవరయ్య కర్ర పట్టుకుని ముందు నడిచాడు. మబ్బు, మంచు పక్కపక్కనే నడిచాయి. కొత్త ఊటలో మూతులు ముంచి తాగాయి. వాగు గట్టున జిల్లేడు పొద కనబడింది. పైడమ్మ పిట్టబుట్టను పొద వైపు తిప్పింది.

"కుడికి దిగు" అంది సన్నాయి.

గవరయ్య ముందు దిగాడు. నీళ్లు ఆయన చీలమండలు దాటలేదు. వెనకే మబ్బు గిట్ట ఒక గుంటలో పడింది, మంచు గిట్ట ఇంకో గుంటలో పడింది. అవతలి గట్టెక్కాక పైడమ్మ ప్రతి బస్తానూ చేత్తో తడిమి చూసింది. చేతికి పొడి ఉప్పే అంటింది.

సంత చేరి బస్తాలు దింపాకే తొలి చినుకు పడింది. ఆ వాన మబ్బు మీదా కురిసింది, మంచు మీదా కురిసింది. రెండూ ఒకే చెట్టు కింద, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.

అప్పటి నుంచి గవరయ్య ఎవరు దారి చెప్పినా, ముందు లేచి కొండ వైపు తిరిగి నిలబడి గానీ వినేవాడు కాదు. ఏటా కొటారు అరుగు మీద కూర్చుని ముందు తన తప్పులు చెప్పేవాడు, ఆ తర్వాతే కొత్త పాఠం చెప్పేవాడు. తప్పులు వినడానికి జనం ఎక్కువ వచ్చేవారు, పాఠానికి ఉప్పు కూడా ఎక్కువే తెచ్చేవారు.

ఉప్పు కొండ చేరింది, పసుపు రేవు చేరింది, కథ మీ చెవిని చేరింది.

అమ్మినదానిలో తప్పుంటే ఒప్పుకుని ఊరికే దిద్దడం అమ్మినవాడి ధర్మం, ఆ పైన పడిన కొత్త కష్టానికి మనసారా వెల ఇవ్వడం కొన్నవాడి ధర్మం.